ఎర్రలైటు వెలగలేదు

తాను పడగొట్టిన మనిషికి తన చేత్తోనే కట్టు కట్టాల్సి వచ్చింది నర్సమ్మకి.

ఉదయం తొమ్మిది దాటింది. ఏటవాలు రోడ్డు దిగి మందుల షాపు దగ్గర మలుపు తిరగబోతుంటే తోపుడు బండి ఒకటి అడ్డం వచ్చింది. ఆమె రెండు బ్రేకులూ పట్టింది. ఎలక్ట్రిక్ బండి ఆగలేదు. ఆగకపోగా వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ముందుకే పోయింది. తోపుడు బండిని తప్పించబోతే పేవ్‌మెంటు ఎక్కి, కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరు మాస్టారి మీదికి వెళ్లింది. మిషను అడ్డం ఉండబట్టి సరిపోయింది గాని, ఆయన స్టూలుతో సహా పక్కకి ఒరిగి, కుడిచేతి మీద పడ్డాడు.

"కదలకండి మాస్టారూ! ఆ చెయ్యి అలాగే ఉంచండి" అంటూ ఆమె లేచింది. తన మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోందన్న సంగతే తెలియలేదు. ఆయన మణికట్టు దగ్గర ఎముక పక్కకి జరిగినట్టుంది. మోచెయ్యి దగ్గర తోలు లేచిపోయింది. మందుల పెట్టె ఎగిరి కాలవ పక్కన పడి ఉంది. అందులో గాజుగుడ్డ ఉంది, బ్యాండేజీ ఉంది, కింద ఊతంగా పెట్టడానికి బద్ద లేదు. ఆయన బల్ల మీదున్న చెక్క స్కేలే తీసి, ముంజేతి కింద ఆనించి చుట్టడం మొదలుపెట్టింది.

"నా స్కేలు ఇన్నేళ్లకి నా కొలతే తీసుకుంటోంది" అన్నాడు మాస్టారు పళ్ల బిగువున.

ఆయన కూతురు కొట్టు లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మెళ్లో టేపు వేలాడుతోంది. "కళ్లు నెత్తికెక్కాయా? ఇంత రోడ్డు చాల్లేదా, మా నాన్న మీదికే రావాలా?"

"తప్పయిపోయిందమ్మా" అంది నర్సమ్మ. ఆ మాట దానంతటదే వచ్చేసింది. చుట్టూ చేరినవాళ్లందరూ విన్నారు.

మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చడం, గొట్టాలు శుభ్రం చెయ్యడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఇలాంటి నర్సులు పదకొండు మంది, వాళ్లకి పదకొండు బండ్లు. మర్నాడు బండ్ల ఇన్‌చార్జి ఆమెని గదిలోకి పిలిచి ఫోను బల్ల మీద నిలబెట్టాడు. మందుల షాపు కెమెరాలో పడిన దృశ్యం అది. ఆమె వీపు, హెల్మెట్టు, బండి వెనక భాగం కనిపిస్తున్నాయి. మూడుసార్లు చూపించాడు.

"బ్రేకు పడితే వెనక ఎర్రలైటు వెలగాలి కదా సిస్టర్. వెలిగిందా?"

ఆమె నాలుగోసారి తనే వేసి చూసింది. "వెలగలేదు సార్."

"మరి?"

రెండు బ్రేకు లీవర్లూ పట్టినట్టే ఆమెకి గుర్తుంది. కాని ఆ గుర్తు మీద తనకే నమ్మకం సడలుతోంది. పట్టానని అనుకుందేమో. కంగారులో పిడికిలి బిగించి, బ్రేకు పట్టబోయి యాక్సిలరేటరే తిప్పిందేమో.

"నాకు మీ మీద కక్షేం లేదు. కంటికి కనపడింది రాస్తున్నాను, అంతే" అన్నాడు ఇన్‌చార్జి. ఆయన మంచివాడే. రాసింది పైకి చదివి మరీ వినిపించాడు. బ్రేకు పట్టకుండా యాక్సిలరేటర్ తిప్పడం వల్ల ప్రమాదం జరిగింది. విచారణ పూర్తయ్యేదాకా ఆమెకి బండి ఇవ్వడానికి వీల్లేదు. చదివానన్నట్టు ఆమె కింద సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి కాలినడకే. ఆమె జాబితాలో తొమ్మిది ఇళ్లుంటే నడిచి చేరగలిగినవి అయిదు. మిగతా నాలుగూ వేరేవాళ్లకి సర్దారు. పెట్టె ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నడుస్తుంటే, పోనీలే, ఆయన తలకి తగల్లేదు, అదే పదివేలు అనుకుంది. అలా అనుకున్నప్పుడల్లా కాళ్లకి కాస్త సత్తువ వచ్చేది.

మూడో రోజు మధ్యాహ్నం, తన ఇళ్లన్నీ అయ్యాక, ఎవరూ చెప్పకపోయినా టైలరు మాస్టారి కొట్టుకి వెళ్లింది. కొట్టు వెనక గదిలోనే వాళ్ల కాపురం. మాస్టారు గోడకానుకుని కూర్చున్నాడు. మణికట్టుకి సిమెంటు కట్టు, మోచేతికి గాజుగుడ్డ. కూతురు గుమ్మంలోనే ఆపింది.

"మళ్లీ ఎందుకొచ్చారు?"

"మోచేతికి కట్టు మార్చాలమ్మా. ఆస్పత్రికి రమ్మనే ఉంటారు. ఈ చెయ్యేసుకుని అంత దూరం ఎందుకు తిరగడం, నేను మార్చేస్తాను."

కూతురు తప్పుకోలేదు. లోపలి నుంచి మాస్టారు కేకేశాడు. "రానీవే. పడగొట్టిందీ ఆవిడే, లేపి కట్టు కట్టిందీ ఆవిడే. సగం పని చేసి పోతే ఎలా?"

నర్సమ్మ చేతులు కడుక్కుని ఆయన పక్కన చాప మీద కూర్చుంది. అతుక్కుపోయిన గాజుగుడ్డని ఉప్పునీళ్లతో తడిపి, తడిపి, లాగకుండా తీసింది. గాయం శుభ్రంగానే ఉంది. మాస్టారు నొప్పికి మొహం పక్కకి తిప్పుకోలేదు. ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

"నీతో ఓ మాట చెప్పాలమ్మా" అన్నాడు. "మొన్న నువ్వు నా మీదికొస్తుంటే నేను నీ మొహం చూళ్లేదు. నీ చేతులు చూశాను. నా చూపంతే, ఎవరొచ్చినా ముందు చేతుల మీదికే పోతుంది. నీ బ్రేకులు రెండూ హ్యాండిలుకి అంటుకుపోయి ఉన్నాయి. వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయాయి. అంత గట్టిగా పడితే బండి ఆగాలి మరి. ఎందుకాగలేదో నాకు తెలీదు."

గాజుగుడ్డ పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కెమెరాలో ఎర్రలైటు వెలగలేదు మాస్టారూ."

"కెమెరా నిన్ను వెనక నుంచి చూసింది. నేను ముందు నుంచి చూశాను."

నర్సమ్మ తల వంచుకుని బ్యాండేజీ విప్పడం మొదలుపెట్టింది. కావాల్సిన దానికంటే చాలా విప్పేసి, మళ్లీ చుట్టుకుంది. తన మనసులో ఉండి, తనే నమ్మలేకపోతున్న మాటని ఇంకొకళ్ల నోటి నుంచి వినడం ఇంత చల్లగా ఉంటుందని ఆమెకి తెలియదు.

గుమ్మంలో నిలబడ్డ కూతురు అంది. "ఈ ముక్క నాకు చెప్పలేదేం నాన్నా?"

"సందివ్వాలి కదా. మూడు రోజుల్నుంచీ ఆవిణ్ణి తిడుతూనే ఉన్నావు."

కూతురు లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నర్సమ్మ పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం నర్సమ్మ భర్తకి ఇదంతా చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి కూరగాయలు తరుగుతున్నాడు. ప్రమాదం జరిగిన రోజు, "కంగారులో ఎవరికైనా జరుగుతుందిలే" అని ఓదార్చింది ఆయనే. ఆ ఓదార్పు ఆమెకి ఇన్‌చార్జి రాతకంటే ఎక్కువగా గుచ్చుకుంది గాని పైకి అనలేదు.

మాస్టారి మాట విని ఆయన కత్తిపీట పక్కన పెట్టాడు.

"లైటు వెలగలేదన్నాడు. బ్రేకు పట్టలేదని దాని మీదే కదా రాశాడు?"

"అవును."

"మా బస్సులో పెడల్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. పెడల్ కదిలితే అది లైటుని వెలిగిస్తుంది. స్విచ్ పోయిందనుకో, నేను బ్రేకు మీద నిలబడినా లైటు వెలగదు." ఆయన తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టు ఆగాడు. "లైటు వెలగలేదంటే దానికి స్విచ్ చెప్పలేదని అర్థం. నువ్వు పట్టలేదని ఎక్కడుంది?"

"మరి మొదటి రోజే ఈ మాట చెప్పలేదేం?"

ఆయన మొహం చిన్నబోయింది. "నువ్వొస్తూనే తప్పయిపోయిందన్నావు. నమ్మేశాను."

"నేనూ నమ్మేశాను" అంది ఆమె. ఇద్దరికీ ఎందుకో నవ్వొచ్చింది. ప్రమాదం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

మర్నాడు ఇళ్లకి బయల్దేరక ముందే ఆఫీసు వెనక షెడ్డుకి వెళ్లింది. పదకొండు బండ్లనీ చూసేది ఒక్కడే మెకానిక్. అరవైకి దగ్గర పడ్డవాడు. నర్సులందరికీ బాబాయ్. ఆయన కళ్లజోడుకి ఒక పక్క కాడ బదులు రాగి తీగ ఉంటుంది. ఆమె బండి మూలన ఉంది. వంగిన మడ్‌గార్డు అప్పుడే సరిచేసినట్టున్నాడు.

"బాబాయ్, ఒక్కటి చూసి పెట్టు. నన్ను కాపాడమని అడగట్లేదు. నేను బ్రేకు పట్టానో లేదో, అది తేలితే చాలు."

మెకానిక్ బండిని స్టాండు మీదికి లాగాడు. వెనక చక్రం గాల్లోకి లేచింది. తాళం తిప్పి, యాక్సిలరేటర్ సగం తిప్పి పట్టుకున్నాడు. చక్రం గిర్రున తిరిగింది.

"నేనిది వదలను. నువ్వు రెండు బ్రేకులూ పట్టు."

పట్టింది. చక్రం నెమ్మదించింది గాని మోటారు ఊరుకోలేదు. మూలుగుతూ, బండి మొత్తాన్ని వణికిస్తూ, బ్రేకుతో కుస్తీ పడుతూనే ఉంది. వెనక ఎర్రలైటు వెలగలేదు.

మెకానిక్ తాళం తీసేశాడు. స్క్రూడ్రైవరు అందుకుని ముందు ప్లాస్టిక్ డొప్పకున్న నాలుగు స్క్రూలూ విప్పాడు. లోపల వైర్ల గుత్తి. రెండు బ్రేకుల నుంచి వచ్చిన సన్నటి వైర్లు దేనికీ కలవకుండా చివర పసుపు టేపు చుట్టి, పక్కకి మడిచి, చక్కగా కట్టి ఉన్నాయి. ఆయన ఆ టేపుని బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత వెళ్లి బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు.

"ఇది నా టేపే" అన్నాడు.

నర్సమ్మకి అర్థం కాలేదు.

"బ్రేకు లీవరు లోపల ఓ స్విచ్ ఉంటుందమ్మాయ్. నువ్వు లీవరు పట్టగానే అది రెండు పనులు చేస్తుంది. వెనక లైటు వెలిగిస్తుంది, మోటారుకి కరెంటు ఆపేస్తుంది. వానాకాలంలో ఈ స్విచ్‌ల్లోకి నీళ్లు పోయాయి. తడిస్తే అవి బ్రేకు పట్టే ఉందనుకుంటాయి, మోటారుని కదలనివ్వవు. ఎక్కడి బండ్లు అక్కడ ఆగిపోయేవి. నీది కూడా."

అప్పుడు నర్సమ్మకి గుర్తొచ్చింది. కుండపోత వాన. మోకాలి లోతు నీళ్లలో బండి కదలకుండా నిలబడిపోయింది. రెండు వీధుల అవతల ఒకావిడ వీపు పుండుకి కట్టు మార్చాలి, పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది. నర్సమ్మ ఫోను చేసి, ఏం చేస్తావో నాకు తెలీదు బాబాయ్, ఎలాగైనా నడిచేలా చెయ్యి అని బతిమాలింది. ఆయన గోనెపట్టా కప్పుకుని తడుస్తూ వచ్చాడు. అయిదు నిమిషాల్లో బండి నడిచింది. ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నీ బండితో మొదలుపెట్టి పదకొండిటికీ అదే చేశాను" అన్నాడు మెకానిక్. "కొత్త స్విచ్‌లు కావాలని చీటీ రాసిచ్చాను. రాలేదు. వానలు పోయాయి, బండ్లు ఆగట్లేదు, ఎవరూ ఏమీ అనట్లేదు. నేనూ మర్చిపోయాను. వెనక లైటు వెలుగుతోందో లేదో తోలేవాళ్లకి కనపడదు కదా."

"అయితే నేను బ్రేకు పట్టాను."

"పట్టావు."

ఆమె భయపడుతూనే అడిగింది. "యాక్సిలరేటర్ కూడా తిప్పానా?"

"తిప్పే ఉంటావు. మనిషి బెదిరితే పిడికిలి మొత్తం బిగుసుకుంటుంది. బ్రేకూ అందులోనే ఉంది, యాక్సిలరేటరూ అందులోనే ఉంది. చెయ్యి ఏం చేస్తుంది పాపం? ఆ సంగతి తెలిసే బండి చేసినవాడు ఈ స్విచ్ పెట్టాడు. తీసి పక్కన కట్టేసింది నేను."

షెడ్డులో వాళ్లిద్దరే ఉన్నారు. ఆ డొప్ప మళ్లీ బిగించేస్తే ఇక ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఆమెకీ వచ్చింది, ఆయనకీ వచ్చి ఉంటుంది.

"రేపు చెప్తావా సార్‌కి?" అంది మెల్లగా.

"రేపేంటి? మిగతా పదిమందీ ఇప్పుడు రోడ్డు మీదున్నారు" అంటూ ఆయన లేచి ఫోను తీశాడు. రాగి తీగ పక్కకి జారిపోతే చెవి వెనక్కి తోసుకున్నాడు. "అయిదుగురికి నేను చేస్తా, అయిదుగురికి నువ్వు చెయ్యి. ఎక్కడున్నవాళ్లు అక్కడే దిగమను. ఒక్క అడుగు కూడా తోలొద్దు. నెట్టుకుంటూ రమ్మను."

అందరూ దొరికేసరికి అరగంట పట్టింది. ఒకామె విసుక్కుంది, ఒకామె తన బండికేం జబ్బు లేదని వాదించింది, ఒకామె ఫోను ఎత్తకపోతే ఆమె వెళ్లిన ఇంటికి చేసి పిలిపించారు. మధ్యాహ్నానికి పదిమందీ చెమటలు కక్కుకుంటూ, బండ్లు నెట్టుకుంటూ ఒక్కొక్కరే గేటులోకి వచ్చారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. నర్సమ్మ గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టింది. పదో ఆమె కనపడగానే ఎదురెళ్లి బండికి తనూ ఓ చెయ్యి వేసింది.

ఇంతమంది ఒక్కసారిగా చేరేసరికి ఇన్‌చార్జి మెట్లు దిగి వచ్చాడు. మెకానిక్ దాచలేదు. విప్పిన డొప్ప చూపించాడు, పసుపు టేపు చూపించాడు, ఎందుకు చేశాడో చెప్పాడు. ఆ వైర్లు తీసెయ్యమని తనకి ఎవరూ చెప్పలేదని కూడా చెప్పాడు. ఇన్‌చార్జి గదిలోకి వెళ్లాడు. చాలాసేపటికి ఒక ఫైలుతో తిరిగొచ్చాడు.

"నువ్వు రాసిన స్విచ్‌ల చీటీ ఇదేనా?"

"ఇదే సార్."

"నా దగ్గరే ఉండిపోయింది. పైకి పంపలేదు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బండి సీటు మీదే ఫైలు పెట్టుకుని, నర్సమ్మ మీద రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. బ్రేకు పట్టినా మోటారు ఆగకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని, స్విచ్ వైర్లు మెకానిక్ విడదీశాడని, కొత్తవి తెప్పించడంలో తాను ఆలస్యం చేశానని రాశాడు. "టైలరు గారి వైద్యం ఇక ఆఫీసే చూసుకుంటుంది. నేను వెళ్లి చెప్తాను. సిస్టర్, ఇక్కడ సంతకం పెట్టండి. మీ మీద ఏ తప్పూ లేదు."

నర్సమ్మ పెన్ను తీసుకుంది గాని పెట్టలేదు.

"ఇంకో వాక్యం రాయాలి సార్. వానలో బండి ఎలాగైనా నడిచేలా చెయ్యమని మెకానిక్‌ని అడిగింది నేనే అని."

"మీకేమైనా మతి పోయిందా? మిమ్మల్ని బయటపడేస్తుంటే మళ్లీ ఎందుకు దూరతారు?"

"అడిగానని రాయమంటున్నాను, అంతే. ఆయన తనంతట తను చెయ్యలేదు. నా కోసం వానలో తడుస్తూ వచ్చి చేశాడు. అది లేకపోతే ఈ కాగితం సగమే."

"నేనూ అడిగాను" అంది వెనక నుంచి ఇంకో నర్సు. "నేను రెండుసార్లు" అంది మరొకామె. ఇన్‌చార్జి పెన్ను పట్టుకుని వాళ్లని ఒక్కొక్కరినీ చూశాడు. చివరికి ఆ వాక్యం రాశాడు. దాని కింద నర్సులవీ మెకానిక్‌దీ కలిపి పన్నెండు సంతకాలు పడ్డాయి. మెకానిక్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నాడు.

మర్నాడే స్విచ్‌లు వచ్చాయి, నీళ్లు పోకుండా రబ్బరు తొడుగున్నవి. రెండు రోజులపాటు షెడ్డులో అదే పని. మెకానిక్ తను బిగించిన ప్రతి బండినీ తోలే మనిషి చేతే చూపించుకున్నాడు. చక్రం గాల్లో తిరుగుతుంటే ఆమె లీవరు పట్టాలి, మోటారు గొంతు టక్కున ఆగాలి, వెనక ఎరుపు వెలగాలి. కుడి లీవరు ఒకసారి, ఎడమ లీవరు ఒకసారి. నర్సమ్మ బండి వంతు వచ్చింది. ఆమె లీవరు పట్టింది. అంత చప్పుడూ ఒక్కసారిగా పోయి షెడ్డు నిశ్శబ్దమైంది.

"నామీద కోపం లేదా అమ్మాయ్?" అన్నాడు చక్రం వంక చూస్తూ.

"ఆ రోజు వీపు పుండు ఆవిడకి కట్టు మార్చింది నీ వల్లే బాబాయ్. మొన్న పదిమందీ క్షేమంగా తిరిగొచ్చిందీ నీ వల్లే. కోపానికి చోటెక్కడుంది?"

వారం తిరిగాక నర్సమ్మ ఆ ఏటవాలు రోడ్డు మీదికి మళ్లీ బండితో వచ్చింది. పైన ఒకసారి ఆగి, చేతులు దులుపుకుని, దిగింది. సగం దారిలో యాక్సిలరేటర్ వదలకుండానే లీవరు నొక్కి చూసింది. మోటారు తోపు ఎవరో చెయ్యి తీసేసినట్టు పోయింది. మాస్టారి కొట్టు ముందు జానెడు కూడా ముందుకి జరక్కుండా ఆగింది.

లోపల కూతురు బల్ల ముందు నిలబడి ఉంది. ఎవరిదో కోటు గుడ్డ పరిచి ఉంది, ముదురు నీలం. దాని మీద సుద్దగీత. ఆమె చేతిలో పెద్ద కత్తెర. మాస్టారు సిమెంటు కట్టు మెళ్లో వేలాడేసుకుని పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడమచేతి వేలు గాల్లో ఆ గీత వెంటే కదిలిస్తున్నాడు.

"ఒక్క నిమిషం అక్కా" అంది కూతురు తలెత్తకుండా. "మధ్యలో ఆపితే అంచు పోతుంది."

నర్సమ్మ పెట్టె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"నీకు దణ్ణం పెట్టాలమ్మా. కాని చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి.

"చెయ్యి విరగ్గొట్టినందుకా మాస్టారూ?"

"అందుకే మరి. దీనికి పన్నెండేళ్లుగా గుండీలూ కాజాలే ఇచ్చాను. గుడ్డ పాడుచేస్తుందని కత్తెర ముట్టుకోనివ్వలేదు. నా చెయ్యి పడుంటే గాని దాని చెయ్యి ఎలాంటిదో నాకు తెలీలేదు."

కత్తెర చంక మలుపు దగ్గరికొచ్చింది. కూతురు ఊపిరి బిగబట్టి, గుడ్డని ఎడమ అరచేత్తో మెల్లగా తిప్పుకుంటూ పోయింది. ఆ మలుపు దాటింది. గీత చివరికొచ్చింది. తెగిన రెండు ముక్కల్నీ ఎత్తి ఒకదాని మీద ఒకటి పరిచింది. మాస్టారు ముందుకి వంగి అంచుల వెంట చూపు నడిపించాడు. తొందరపడలేదు.

"ఊఁ" అన్నాడు. "ఇక చేతులు కత్తిరించు."

కూతురు మొహమంతా వెలిగిపోయింది. ఆ వెలుగు దాచుకోవాలని గుడ్డ మీదికి వంగి, సుద్దముక్క అందుకుంది.

"నాన్న చెయ్యి మీరు చూసుకోండక్కా" అంది. "నాకు పనుంది."